సూరత్ రాజయ్య చక్రాల ఇండ్లు

మా ఇంట్లో ఎవరైనా ఉన్నదానికి రెండింతలు కలిపి చెప్తే, "ఇగ చాలు తియ్యి, సూరత్ రాజయ్య లెక్క మాట్లాడకు" అంటారు. నలభై ఏళ్లుగా అంటున్నారు. ఆ మాట పుట్టడానికి కారణం నేనే. కాబట్టి సూరత్ పోయి నిజమేమిటో తేల్చుకు రావాల్సిన బాధ్యత కూడా నా మీదే పడింది.

రాజయ్య మా నాయన తమ్ముడు, నాకు చిన్నాయన. సిరిసిల్లలో మగ్గం నేసేవాడు. పని దొరక్క పెండ్లాన్ని, చిన్న బిడ్డను తీసుకొని సూరత్ పోయి, ఉధ్నాలో కొన్నాళ్లు మరమగ్గాలు నడిపి, తర్వాత లారీ బాడీలు కట్టే ఒక షెడ్డులో చేరాడు. నాకు ఇరవై ఏళ్లప్పుడు చుట్టాల పెండ్లికి వచ్చాడు. భోజనాల బంతిలో కూర్చొని, "నేనిప్పుడు ఇండ్లు కడ్తున్న, చక్రాల మీద" అన్నాడు. జీపు వెనక తగిలిస్తే ఎక్కడికంటే అక్కడికి వస్తుందట, లోపల మంచం, పొయ్యి, అలమర ఉంటాయట. ఇప్పుడైతే సినిమావాళ్ల పుణ్యాన కారవాన్ అంటే ఊళ్లలో కూడా తెలుసు. ఆనాడు మా బంతిలో ఆ మాట విన్నవాడు ఒక్కడూ లేడు.

నేను అప్పుడే ఐటీఐ పాసై, బస్సు బాడీలు కట్టే సెక్షన్‌లో అప్రెంటిస్‌గా చేరి ఉన్నాను. చదువు కొత్తగా తలకెక్కిన రోజులు. "అట్లయితే చిన్నాయనా, ఆక్సిల్ ఎక్కడ పెడ్తవ్?" అని చక్రాల ఇరుసు సంగతి అడిగాను. ఆయన జర ఆలోచించి, "పొయ్యి బరువును బట్టి" అన్నాడు. నేను పగలబడి నవ్వాను. పనెరిగినవాడు నవ్వాడంటే నవ్వదగ్గ మాటే అయ్యుంటుందని బంతి మొత్తం నవ్వింది. చిన్నాయన కలిపిన అన్నం విస్తట్లో వదిలేసి లేచాడు. మళ్లీ మా వైపు రాలేదు, సూరత్‌లోనే పోయాడు.

కరోనా రెండో అలలో ఆయన కూతురు శారద పన్నెండు రోజులు ఆక్సిజన్ మీద ఉండి బయటపడింది. నాకంటే మూడేళ్లు చిన్నది. కోలుకున్నాక ఫోన్ చేసింది. "అన్నా, నువ్వు బండ్ల పని ఎరిగినోనివి. మా నాయిన చేసిన బండి ఒక్కటన్న యాడున్నదో ఎతికిపెట్టు. నేను పొయ్యేలోపల దాన్ని సూడాలె. నా బిడ్డ సుత నమ్ముతలేదు," అంది. ఆమె ఆ పెండ్లి బంతి మాట ఎత్తలేదు కాని, నాకు ఆ విస్తరి కళ్లముందు కనపడింది.

రైల్లో

మూడో అల వస్తుందని టీవీలు బెదిరిస్తున్న చలికాలంలో వరంగల్‌లో రైలెక్కాను. ఏసీ పెట్టెల్లో దుప్పట్లు ఇవ్వడం మానేశారు. అందరూ ఇంటి దుప్పట్లు మోసుకొచ్చారు గనక, పెట్టె మొత్తం ఎవరి ఇంటి వాసన వారిదిగా ఉంది. నా ఎదుటి బెర్తులో సూరత్ చీరల వ్యాపారి, ఆయన భార్య. ఆమె ఎక్కగానే బెర్తు, కిటికీ, గొలుసులు, చివరికి నా నీళ్ల సీసా మూత కూడా శానిటైజర్‌తో తుడిచింది. తుడిచాక గాని నాతో మాట్లాడలేదు. మాట్లాడటం మొదలు పెట్టాక ఆపలేదు.

ఆమె మెంతి తేప్లాలు తీసింది, నేను పులిహోర తీశాను. రెండేళ్లుగా పరాయి చేతి ముద్ద ముట్టనివాళ్లం. ఒకరి డబ్బా వైపు ఒకరం చూసుకున్నాం. చివరికి ఆయనే "రెండు డోసులు అయ్యాయా?" అని అడిగాడు. అయ్యాయన్నాను. తేప్లా నా చేతికొచ్చింది. తీపి తగిలే రొట్టె, పక్కన మామిడి తురుము పచ్చడి, అదీ తీపే. నా పులిహోర తిని ఆమె మూడు గ్లాసుల నీళ్లు తాగి, చాలా బాగుందని చెప్పింది.

ఉధ్నా రావడానికి ముందు బార్డోలీ అనే స్టేషను దాటాం. చెరకు తోటలు, ఒక చక్కెర మిల్లు పొగగొట్టం. పులిహోర డబ్బా కడుక్కుంటూ తలుపు దగ్గర నిలబడి చూశాను. నేను వెతకబోయే వస్తువు అక్కడికి రెండు మైళ్లలోనే ఉందని అప్పుడు తెలియదు.

ఉధ్నా

స్టేషను బయట అడుగు పెట్టగానే మగ్గాల చప్పుడు. సిరిసిల్లలో పుట్టినవాణ్ణి, ఆ చప్పుడు నాకు కొత్త కాదు. కాని మా దగ్గర అది సందుల్లోంచి వస్తుంది, ఇక్కడ మూడంతస్తుల మీంచి కూడా వస్తుంది. షేర్ ఆటోలో ముగ్గురికి బదులు ఐదుగురిని కుక్కాడు, అందరి మాస్కులూ గడ్డాల కింద ఉన్నాయి. ఇరవై రూపాయలు. దిగేటప్పుడు డ్రైవరు మాత్రం డబ్బులు సంచిలో వేయమన్నాడు, చేత్తో తీసుకోడట.

శారద రెండు గదుల అద్దె ఇంట్లో ఉంటుంది. భర్త పోయి చాలా ఏళ్లయింది. కూతురు హేమ చీరల దుకాణంలో లెక్కలు రాస్తుంది, ఒక వాక్యంలో మూడు భాషలు మాట్లాడుతుంది. నన్ను చూడగానే కాళ్లకు దండం పెట్టి, "మామా, ఇత్నా దూర్ ఆయే ఆప్, గా బండి కోసమేనా? తాత మంచిగ కథలు చెప్పేటోడట. నిజమైతే ఒక ఫోటో అన్నా ఉండాలె గదా?" అంది.

"నీకు ఫోటో కావాల్నా? నీ తాత చేతికి ఏమైందో తెల్సా? మూడు వేళ్లు రంపానికి పోయినయి, గది ఫోటో కాదా?" అని శారద వంటింట్లోంచి కసిరింది. కసిరినందుకే దగ్గొచ్చింది. ఆక్సిజన్ మీద ఉండొచ్చిన మనిషి దగ్గు ఎట్లా ఉంటుందో విన్నవాళ్లకు తెలుసు. హేమ లేచిపోయి తల్లి వీపు నిమిరింది, తర్వాత ఆ రోజు బండి మాట ఎత్తలేదు.

అన్నంలోకి శారద చింతపండు చారు పెట్టింది, అందులో బెల్లం వేసింది. "గిదేంది చెల్లె?" అంటే, "యాభై ఏండ్లాయె అన్నా, చెయ్యి గుజరాతీదైంది," అని నవ్వింది. భాష మాత్రం కాలేదు. మా అమ్మ మాట్లాడినట్టే మాట్లాడుతుంది. చదువు మునిసిపల్ బడిలో గుజరాతీలో సాగింది గనక తెలుగు ఒక్క అక్షరం చదవలేదు.

తిన్నాక తండ్రి గురించి గుర్తున్నది చెప్పింది. షెడ్డు యజమాని మంగళ్‌భాయ్ ఒక విదేశీ పత్రికలో బొమ్మ చూపించి, ఇట్లాంటిది చేయగలవా అన్నాడట. మగ్గం మీద పడుగు ఎట్లా సరి చూస్తామో చెక్క కూడా అట్లనే సరి చూడాలని తండ్రి అనేవాడట. పన్నెండు బండ్లు చేశాడని ఆమె లెక్క. చక్కెర మిల్లు అధికారులు చెరకు కోతలప్పుడు పొలాల్లో ఉండటానికి కొన్నారు, ఊరూరు తిరిగే కంటి డాక్టరు ఒకాయన కొన్నాడు. "ఇంట్ల మూలకు శిన్న చట్రం ఒకటి పెట్టుకుండె. పని కెల్లి వచ్చినంక జానెడు గుడ్డ నేసేటోడు. ఏందే అంటే బండికి అనేటోడు. పర్దాలు కట్టే పట్టీ కావచ్చు అనుకున్న," అంది. బండ్ల మీద రాజయ్య పేరు ఉండేది కాదు. ఇత్తడి పలక మీద గుజరాతీలో 'ఘర్‌గాడీ, ఉధ్నా' అని, అంటే ఇంటిబండి అని మాత్రం ఉండేది.

మర్నాడు షెడ్డు ఉన్న చోటు చూడబోయాం. ఇప్పుడక్కడ దారం గోదాము. పక్కన టీ కొట్టు ముసలాయన మంగళ్‌భాయ్ లేడనీ, కొడుకు జయంతిభాయ్ అడాజన్‌లో ఉంటాడనీ చెప్పాడు. ఆ రోజు మేం సాధించింది అంతే. టీ మాత్రం మూడుసార్లు తాగాం, పుదీనా వేసి మరిగించిన టీ.

అడాజన్

తాపీ నది దాటితే ఊరు మారిపోతుంది. వెడల్పు రోడ్లు, కార్లు, గేటున్న సొసైటీలు. జయంతిభాయ్ ఉండే సొసైటీ గేటు దగ్గర కాపలాదారు నా నుదుటికి థర్మామీటరు తుపాకి గురిపెట్టాడు, టీకా సర్టిఫికెట్ చూశాడు, శారద దగ్గు విని ఆమె సర్టిఫికెట్ రెండుసార్లు చూశాడు. నాకు ఒళ్లు మండింది. ఆమె మాత్రం మాస్కు సరిచేసుకొని, "నన్ను లోపటికి పంపద్దని వానికి ఉన్నది గని, నా తాన పేపర్ ఉన్నది గదా, పాపం," అంది.

హాల్లో పెద్ద ఉయ్యాల బల్ల ఉంది. మా దగ్గర సోఫా ఉన్నట్టు వీళ్ల దగ్గర ఉయ్యాల ఉంటుంది. జయంతిభాయ్‌కి డెబ్బై దాటాయి. ఆయన ఉయ్యాల మీద, మేం హాలుకి ఆ చివర కుర్చీల్లో. మధ్యలో పోంక్ పళ్లెం. పాలజొన్న కంకులు కాల్చి రాల్చిన గింజలు, మనం ఊచబియ్యం అనేవే. మన దగ్గర చేనుగట్టు మీద ఊరికే దోసెడు పెడతారు. ఇక్కడ కిలో ఐదు వందల పైమాట, పైన సేవ్ అనే సన్న కారప్పూస, నిమ్మరసం. ఆ ధర విన్నాక ఒక్క గింజ కూడా వదల్లేదు.

ఆయన గోడమీది ఫోటో చూపించాడు. నున్నటి తెల్ల బండి, ముందు మంగళ్‌భాయ్, ఇంకో ఇద్దరు దొరలాంటి మనుషులు. చిన్నాయన లేడు. "డిజైన్ మొత్తం మా నాన్నదే," అన్నాడు హిందీలో. "రాజయ్య ఉండేవాడు, మంచి కూలి. చెప్పింది చేసేవాడు." 'మజ్దూర్' అన్న ఆ మాటకు శారద తల దించుకుంది. నేను నోరు తెరవబోయి, బంతిలో నవ్విన నోరు ఇదే కదా అని మూసుకున్నాను.

తర్వాత ఆయనే నవ్వుతూ చెప్పుకుపోయాడు. ఆ బండ్లలో మూడు పిచ్చి పనులు ఉండేవట. తలుపుకి ఎత్తయిన టేకు గడప. కొన్నవాళ్లందరి కాళ్లకూ తగిలేది. పొయ్యి కింద రాతిబండ, అదీ హైదరాబాద్ వైపు నుంచి తెప్పించిన షాబాద్ బండ. జీపు లాగే బండిలో రాయి ఎవడు పెడతాడు? పైగా బండి నిలిపితే తలుపు తూర్పుకి ఉండాలని ప్రతి బండికీ ఒక కాగితం. "ఎన్నిసార్లు చెప్పినా రాజయ్య వినలేదు. గడప లేకుండా, తూర్పు లేకుండా అది ఇల్లు కాదు, డబ్బా అనేవాడు. నాన్న విసిగిపోయి వదిలేశాడు."

నాకు నవ్వు రాలేదు. తలుపు తూర్పుకి నిలిపితే ఆ పొయ్యి ఏ మూల వస్తుందని అడిగాను. ఆయన ఉయ్యాల ఆపి చేత్తో గాలిలో గీసుకున్నాడు. ఆగ్నేయం. మంచం? నైరుతి. తిరిగే బండికి వాస్తు చూసిన మనిషి భూమ్మీద మా చిన్నాయన ఒక్కడే అయ్యుంటాడు. చెప్పింది చేసే కూలి అయితే ఇదంతా ఎవరు చెప్పారు?

"అంతేకాదు," అన్నాడు జయంతిభాయ్, తను ఏం ఒప్పుకుంటున్నాడో ఆయనకే తెలియకుండా. "తలుపు చట్రం నిలబెట్టే రోజు పూజ లేనిదే మేకు కొట్టేవాడు కాదు. ఇంటి యజమాని పీటమీద కూర్చోవాలట. కొనేవాడు ఇంకా రాలేదు, నాన్నకు ఇవన్నీ పట్టవు. అందుకని రాజయ్య, అతని భార్యే కూర్చునేవాళ్లు."

శారద తలెత్తింది. "పాలు పొంగిచ్చేటోళ్లు," అంది మెల్లగా, నాతో. "నాకు యాదికొచ్చింది అన్నా. ప్రతి బండికి పాలు పొంగిచ్చి, పరమాన్నం వండేటోళ్లు. నేను తినేదాన్ని. గది పండుగ అనుకునేదాన్ని." "మా నాయిన కిరాయి ఇంట్లనే సచ్చిపోయిండు. గని పన్నెండు ఇండ్లల్ల పాలు పొంగిచ్చిండు," అంది.

ఆ మాట నేను హిందీలోకి మార్చి జయంతిభాయ్‌కి చెప్పాను. ఆయన ఉయ్యాల దిగాడు. ఫోటో ముందు కొంచెంసేపు నిలబడి, బార్డోలీ దగ్గర ధన్‌సుఖ్‌భాయ్ అనే చెరకు రైతు పొలంలో ఒక బండి ఉండాలనీ, పదేళ్ల కింద తను చూసినప్పుడు అందులో కోళ్లు ఉన్నాయనీ చెప్పాడు. గేటు దాకా వచ్చి సాగనంపాడు.

బార్డోలీ దారి

హేమ సెలవు పెట్టి మాతో వచ్చింది. "దేఖ్‌తే హై, చూద్దాం" అంటూనే ఫోన్ నిండా చార్జింగ్ పెట్టుకుంది. ప్రభుత్వ బస్సు, నా అలవాటు కొద్దీ కూర్చోగానే బాడీ రివిట్లు తట్టి చూశాను. మా సెక్షన్ పనే మెరుగు. ఆ మాట పైకి అంటే హేమ నవ్వింది. దారి పొడుగునా చెరకు ట్రాక్టర్లు, గాలిలో చక్కెర మిల్లు మడ్డి వాసన. బార్డోలీలో గ్లాసు చెరకు రసం పదిహేను రూపాయలు, అల్లం, నిమ్మ వేసి ఇస్తారు. మన దగ్గర గ్లాసులో సగం ఐసు ముక్కలే ఉంటాయి. ఇక్కడ అడిగితే గాని వేయలేదు.

ధన్‌సుఖ్‌భాయ్ యాభై ఏళ్ల మనిషి. పొలం దారిలో ఎదురొచ్చి, దూరదూరంగా ఎండలో కుర్చీలు వేయించాడు. చక్రాల ఇల్లు గురించి అనగానే ఆయన ముఖం వెలిగింది. మిల్లు అధికారి బదిలీ అయినప్పుడు వాళ్ల నాన్న కొన్నాడట. పిల్లలు పరీక్షలకు అందులోనే చదివారు. తర్వాత కోళ్లు. "కరోనా వచ్చినప్పుడు కోళ్లను బయటికి తోలి, కడిగించి, పద్నాలుగు రోజులు నేను అందులోనే ఉన్నాను. ఇంట్లో ముసలి తల్లి ఉంది. ఆమెకు ఏమీ కాలేదు," అన్నాడు. శారద కొంగుతో కళ్లద్దుకుంది.

మామిడి చెట్ల వెనక ఉంది బండి. తెలుపు పోయి బూడిదరంగు తేలింది, టైర్లు మట్టిలో కూరుకుపోయాయి. తలుపు తూర్పుకే ఉంది. వాళ్ల నాన్న పెట్టింది పెట్టినట్టే ఉందట, తలుపు దిక్కు మార్చొద్దని బండితో వచ్చిన కాగితంలో రాసి ఉందట. శారద పది అడుగుల దూరంలో ఆగిపోయింది. నేను ఉత్సాహం పట్టలేక ముందు లోపలికి అడుగేశాను, గడప తన్నుకొని బొటనవేలి గోరు లేచిపోయింది. కొన్నవాళ్లందరి కాళ్లకూ తగిలిందన్న గడప నన్ను మాత్రం ఎందుకు వదులుతుంది? వదలకూడదు కూడా.

లోపల పంపు సామాన్లు, ఎరువు బస్తాలు. చెక్క అతుకుల మీద చెయ్యి పెట్టి చూశాను. మేకు కనపడని అతుకులు, నలభై ఏళ్ల వానలకు కూడా నోరు తెరవలేదు. ముప్పై ఎనిమిదేళ్లు బాడీలు కట్టినవాణ్ణి చెప్తున్నాను, అంత శుభ్రమైన పని మా సెక్షన్‌లో ఇద్దరు చేసేవాళ్లు, ఆ ఇద్దరూ నేను కాదు. ఆగ్నేయ మూలకి షాబాద్ బండ, నల్లగా మసిబారి ఉంది. ఇద్దరు మనుషులు ఎత్తలేని రాయి. అప్పుడు నాకొక అనుమానం వచ్చింది. ఇంత బరువు ఒక మూల పెడితే బండి ఇన్నేళ్లలో అటు వాలిపోవాలి. నీళ్ల గ్లాసు నేలమీద పెట్టి చూశాను. నీళ్లు సమంగా ఉన్నాయి.

గడప కింద

గోనె పరుచుకొని బండి కిందికి పాకాను. మోకాళ్లు వద్దన్నాయి, చీమలు చొక్కాలోకి వచ్చాయి. టార్చి వేసి చూస్తే, ఇరుసు నడిమధ్యలో లేదు. పొయ్యి ఉన్న వైపుకి నాలుగు వేళ్లు జరిగి ఉంది. ఆ మూల కమాను స్ప్రింగుకి అవతలి దానికన్నా పట్టీలు రెండు ఎక్కువ. ఏ పుస్తకంలోనూ చదువుకోని మనిషి బండ బరువు తూచి, ఆ బరువుకి సరిగ్గా ఇరుసు జరిపాడు. ఆక్సిల్ ఎక్కడ పెడతావంటే పొయ్యి బరువును బట్టి అన్నాడు. అది ఆ ప్రశ్నకు ఉన్న ఒకే ఒక సరైన జవాబు. సిగ్గుతో నేను ఆ చీమల మధ్యే కాసేపు పడుకుండిపోయాను. పైనుంచి శారద, "అన్నా, బాగున్నవా?" అని రెండుసార్లు పిలిచింది.

బయటికి రాబోతుంటే గడపకి సరిగ్గా కింద అరచేయంత రేకు, నాలుగు మరలతో బిగించి కనపడింది. చిల్లుకి అతుకేమో అనుకున్నాను. కాని పక్కన ఎక్కడా తుప్పు లేదు. మన దగ్గర తలుపు చట్రం నిలిపేటప్పుడు గడప కింద నవధాన్యాలు, పంచలోహాలు పెట్టి మూసేస్తారు. మట్టి నేల ఉన్న ఇంటికి పునాది ఉంటుంది. ఈ ఇంటికి కింద గాలి తప్ప ఏమీ లేదు. ఆయన ఎక్కడ పెట్టి ఉంటాడు?

బయటికొచ్చి చెప్పాను. శారద ఒప్పుకోలేదు. "కడప కింద పెట్టింది తియ్యద్దు అన్నా. ఆ ఇంటోళ్లకు మంచిగ గాదు." మాకు కావలసిన సాక్ష్యం ఉంటే అక్కడే ఉంది, ఆమె ముట్టొద్దంటోంది. ఇంత దూరం వచ్చి ఏమిటీ పట్టుదల అని నాకు కోపం వచ్చింది. కాని ఇల్లు మాది కాదు. ధన్‌సుఖ్‌భాయ్‌కి సంగతి చెప్పాను. ఆయన ఇంట్లోకి వెళ్లి తల్లిని అడిగి వచ్చాడు. "పెట్టినవాళ్ల బిడ్డే తీసి చూసి, మళ్లీ ఆమె చేత్తోనే పెడితే దోషం లేదంది అమ్మ," అన్నాడు.

మరలు నేను విప్పాను. శారద మాస్కు తీసి పక్కన పెట్టి, గోనె మీద వెల్లకిలా పడుకొని, చెయ్యి పైకి చాపి లోపల తడిమింది. ఊపిరి ఆయాసంగా వస్తోంది. హేమ పక్కనే మోకాళ్ల మీద కూర్చొని తల్లి తల ఒళ్లో పెట్టుకుంది. చెయ్యి కిందికి వచ్చినప్పుడు అందులో కుంకుమ పెట్టుకునే చిన్న ఇత్తడి భరిణె ఉంది.

మూత బిగుసుకుపోయింది. కిరోసిన్ చుక్క వేసి తిప్పితే వచ్చింది. లోపల పొట్టుగా మారిన ధాన్యం, ఒక రాగి బిళ్ల, వాటికి చుట్టిన జానెడు నేత గుడ్డ. పసుపు మరకల మీద ఎర్ర దారంతో నేసిన అక్షరాలు. రాసినవి కావు, కుట్టినవి కావు, మగ్గం మీద నేతలోనే ఎత్తినవి. మూలన చట్రం మీద సాయంత్రాలు నేసింది ఇదన్నమాట. శారద ఆ గుడ్డను అటూ ఇటూ తిప్పింది. హేమ కూడా చూసి, "అమ్మా, యే తెలుగు హై," అంది. అక్కడున్న మనుషుల్లో అది చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే.

"రాజయ్య లచ్చవ్వ ఇల్లు," అని చదివాను.

పూజలో యజమాని పేరు చెప్పాలి కదా. కొనేవాడి పేరు తెలియదు. ఆయన తన పేరు, మా చిన్నమ్మ పేరు పెట్టుకున్నాడు. ఇత్తడి పలక మీద ఎవరి పేరైనా ఉండనీ, గడప కింద ఉండాల్సిన పేరు గడప కిందే ఉంది.

"ఇంకోసారి సదువు," అంది శారద. చదివాను. హేమ ఫోన్ తీసి పట్టుకొని, "మామా, ఇంకొక్కసారి, గట్టిగ," అంది. ఈసారి ఆనాటి బంతిలో కూర్చున్నవాళ్లందరికీ వినపడేంత గట్టిగా చదివాను.

ఆ గుడ్డ ఇంటికి తీసుకుపోయి అందరి ముఖాన పెట్టాలని నాకు ప్రాణం కొట్టుకుంది. అడిగాను. శారద తల అడ్డంగా ఊపింది. "ఇల్లు ఖాళీ చెయ్యద్దు అన్నా." ధన్‌సుఖ్‌భాయ్ తల్లి కొత్త ధాన్యం, పసుపు పంపింది. శారద గుడ్డను మళ్లీ చుట్టి, తన చేత్తోనే లోపల పెట్టింది. నేను మరలు బిగించాను. హేమ ఎవరూ చెప్పకుండానే గడపకి పసుపు పూసింది, గుజరాతీ ఇండ్లలో చూసి నేర్చినట్టు ఒక గీతగా కాదు, వాళ్లమ్మ పూసినట్టు ఈ కొస నుంచి ఆ కొస దాకా నిండుగా.

టీకి పాలు తెచ్చారు. శారద గిన్నె తీసుకొని లోపలికి పోయి, బండ మీద మూడు ఇటుక ముక్కలు పెట్టి, చెరకు పిప్పితో మంట వేసింది. పాలు పొంగి తూర్పు వైపు తలుపు దిక్కుకి ఒలికాయి. ఆ మిగిలిన పాలతోనే అందరం టీ తాగాం. ధన్‌సుఖ్‌భాయ్ కోళ్లను ఇక అందులోకి రానివ్వనన్నాడు. శారద ఆ సాయంత్రం ఎండ పోయేదాకా గడప ఇవతల కూర్చొనే ఉంది. దాని మీద మాత్రం కూర్చోలేదు.

ఇంటికి

తిరిగొచ్చిన పది రోజులకు మా అన్న మనవరాలి పెండ్లి. యాభై మందికే అనుమతి గనక, అందరూ దగ్గరివాళ్లే. ఆనాటి బంతిలో నవ్వినవాళ్లు నలుగురైదుగురు మిగిలి ఉన్నారు. భోజనాల దగ్గర లేచి నిలబడి హేమ తీసిన వీడియో చూపించి, గడప, రాతిబండ సంగతులు చెప్పాను. గుడ్డ మీద అక్షరాలు చూసి మా అన్న ఫోన్ చేతిలోకి తీసుకొని మళ్లీ చదివాడు. తర్వాత, "మన రాజయ్యనే," అన్నాడు. అంతకుముందు చిన్నాయన గురించి ఆయన 'మన' అన్న మాట వాడగా నేను వినలేదు.

మా అన్న మనవడు ఇంజినీరింగ్ చదువుతున్నాడు, మూడో సంవత్సరం. వీడియో ఆగాక, "అయితే తాతా, అంత రాయి పెడితే ఆక్సిల్ ఎక్కడ పెట్టాలి?" అని అడిగాడు. వాడికి పాత సంగతి తెలియదు. నా పక్కన చిన్నాయనకని ఒక విస్తరి వేయించి, అన్నం వడ్డించమని చెప్పి, అది నిండేదాకా ఆగాను.

"పొయ్యి బరువును బట్టి," అన్నాను. ఎవరూ నవ్వలేదు.